కొల్లూరు గనికి పోయిన బాట

దిలుసుఖనగరు నుండి ఎల్బీ నగరు వరకు నేడు మెట్రో రైలు నెత్తిమీదుగా పోవుచుండగా, దాని నీడలో బస్సులు, ఆటోలు త్రోవ దొరకక నిలిచియుండును. విజయవాడకు పోవు రహదారి ఇది. ఈ దారిని ఇంకను తూర్పునకు సాగినచో హయాతునగరు వచ్చును. సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తల్లియైన హయాత్ బక్షీ బేగము పేర వెలసిన ఊరది. అచ్చటి మసీదును, దానిని చుట్టియున్న సత్రపు గదులను, ఏనుగు బావిని చూచినవారికి ఒక ప్రశ్న తోచక మానదు. ఇన్ని గదులలో దిగిన బాటసారులెవరు? ఎచ్చటికి పోవుచుండిరి?

పెక్కుమంది బందరు రేవుకు పోవువారు. కొందరు మాత్రము దారి మార్చి, కృష్ణ దాటి, కుడి ఒడ్డున పలనాటి రాతినేలలోనున్న కొల్లూరుకు పోవుచుండిరి. అచ్చట వజ్రముల గని యుండెను.

1630 మొదలు 1668 వరకు ఆరు పర్యాయములు తూర్పు దేశములకు పయనించిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ ఈ దారి లెక్కలు వ్రాసియుంచెను. గోలకొండ నుండి బందరుకు సూటిగా పోయిన 100 క్రోసులు, కొల్లూరు మీదుగా పోయిన 112 క్రోసులు. తాను తరచుగా ఈ చుట్టుదారినే పోయితినని ఆయనయే చెప్పుకొనెను. రత్నవర్తకునకు పండ్రెండు క్రోసులు ఒక లెక్కా! ఆయన మజిలీల పట్టికలో హయాతునగరు, పానగల్లు పేర్లు వంకరపోయినను గుర్తుపట్టవచ్చును. కొల్లూరు దగ్గరపడిన కొలది దారియంతయు బండలే. రెండు మూడు చోట్ల బండిని ఊడదీసి మోయించుకొనవలసి వచ్చెనట. ఆ ఊరిని దేశభాషలో "గని" అందురని కూడ ఆయన వ్రాసెను. మనవారెవరో చేయి చాచి "గని" అని చూపియుందురు, ఆయన అది ఊరి పేరనుకొనెను కాబోలు.

ఇక నదిని దాటుట. కృష్ణవంటి నదులలో, నీటిలో దాగిన బండలు, సుడులు ఉన్నచోట, అడుగున దూలముగల పడవ పనికిరాదు. అందుచేత మనవారు పుట్టిని నమ్ముకొనిరి. వెదురుతో పెద్ద గంపవలె అల్లి, వెలుపల ఎద్దు తోళ్లు కప్పినది పుట్టి. టావెర్నియర్ వర్ణన చదువుచుండిన కన్నులకు కట్టినట్లుండును. గంప అడుగున కట్టెపుల్లలు పరచి, వానిపై తివాచీ వేసి, సరుకు తడియకుండ దానిపై పెట్టుదురు. బండిని రెండు గంపల నడుమ కట్టుదురు. గుఱ్ఱమును ఈదింతురు. ఒకడు వెనుకనుండి కొరడాతో అదలించును, ఒకడు గంపలో నిలిచి పగ్గము పట్టుకొనును. ఎడ్లు మాత్రము బరువు దింపగానే తమంత తామే ఈదిపోవును. గంపకు నలుగురు, నాలుగు మూలల నిలువబడి, పారలవంటి తెడ్లు వేయుదురు. ఒక్కడు తాళము తప్పినను గంప మూడు నాలుగు చుట్లు తిరిగి, చేరవలసిన రేవుకు దిగువగా కొట్టుకొనిపోవును. ఆ తాళము నేర్చిన నలుగురి పేర్లు అడుగవలెనని మాత్రము ఏ యాత్రికునకును తోచలేదు.

గని యనగానే కొండలో తొలిచిన సొరంగము అనుకొనరాదు. కొల్లూరు వజ్రములు కృష్ణ పూర్వము ప్రవహించిన తావులలో వదలిపోయిన గులకరాళ్ల పొరలో దొరకినవి. పైనెక్కడనో పుట్టిన రాళ్లను నదియే మోసుకొనివచ్చెను. ఒక పేదవాడు చిరుధాన్యము చల్లుటకు నేల త్రవ్వుచుండగా దాదాపు 25 కారట్ల రాయి బయటపడెననియు, అట్లు గని పుట్టెననియు టావెర్నియర్ విన్నాడు. 1618 మొదలు 1622 వరకు బందరులో ఇంగ్లీషు వర్తకుల కొలువులోనుండిన మెథ్‌వోల్డు ఈ గనిని చూచి, ముప్పదివేలమంది పనిచేయుచున్నారని వ్రాసెను. టావెర్నియర్ తాను మొదట చూచినప్పుడు అరువదివేలమంది యుండిరనెను. మగవారు త్రవ్వుదురు, ఆడువారు, పిల్లలు మన్ను మోయుదురు. గోతిలో నీరూరినచో తోడుటకు యంత్రము లేదు. మనుష్యులు ఒకరిపైనొకరు మెట్లుమెట్లుగా నిలిచి చేతినుండి చేతికి అందించుచుండిరి. త్రవ్విన మంటిని చిన్న గోడ కట్టిన మడిలో పోసి, కడిగి, ఎండబెట్టి, తూర్పారబట్టి, పెడ్డలు చితుకగొట్టి వెదకుదురు. మన కళ్ళములో ధాన్యమునకు చేయు పనియే ఇది! పని ఆరంభించు దినమున ఒక రాతి విగ్రహమునకు పూజచేసి, నుదుట బొట్టుపెట్టి దానిపై ఏడెనిమిది బియ్యపు గింజలు అంటింతురట. అవి అక్షతలని ఆ పరదేశికి ఎవరు చెప్పుదురు?

కూలి సంగతి విన్నచో మనసు కలుక్కుమనును. రావులకొండ గనిలో పని బాగుగా తెలిసినవానికే ఏడాదికి మూడు వరహాలు. ఏడెనిమిది మంజాళ్ల ఎత్తు రాయి దొరకినచో బహుమానముగా ఒక తలపాగా గుడ్డ. ఏబదిమంది కూలీలకు పండ్రెండు పదునైదుగురు కావలివారు. ఇంత చాలీచాలని కూలి గనుకనే రాళ్లు దాచుటకు వారు వెనుదీయరని టావెర్నియరే ఒప్పుకొనెను. మంజాడి ఎత్తు రాయిని కంటి కొలికిలో ఇరికించుకొని పట్టుబడినవానిని ఆయనకు చూపినారట. కంటిలో నలుసు పడిననే మనము ఓర్వలేము. కొల్లూరులో పది కారట్లకు మించిన రాయి ఏదైనను సుల్తానుదే యని మెథ్‌వోల్డు నాటి నియమము.

టావెర్నియర్ మన దేశమున కొని, పదునాలుగవ లూయీ రాజునకు అమ్మిన నీలి వజ్రము కొల్లూరుదేయని పండితుల తలంపు. తరువాత సానపట్టగా మిగిలినది "హోప్" అను పేర వాషింగ్టను నగరపు ప్రదర్శనశాలలో నున్నది. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. 1720 తరువాత బ్రెజిలు దేశమున వజ్రములు బయటపడినవి. కొల్లూరుకు సత్రపు గదులలో దిగి పోవువారు క్రమముగా తగ్గిపోయిరి.

కృష్ణపై నేటికిని పుట్టి నడుచుచున్నది. తోలుకు మారుగా ప్లాస్టిక్ పట్టా వచ్చినది, సరుకుకు మారుగా చేపలవల వచ్చినది. కొల్లూరు గని మాత్రము 2013లో ప్రారంభమైన పులిచింతల ఆనకట్ట జలాశయములో మునిగినది. అరువదివేలమంది త్రవ్వి, మోసి, కడిగిన నేలపై ఇప్పుడు కృష్ణ నిలువ నీరుగా నున్నది.