కంది, అడవి కంది: ఒక ప్రజాతి విభజన – విలీనాల చరిత్ర (తాండూరు నేల నేపథ్యంలో)

వ్యాససంగ్రహం
తాండూరు కందికి వృక్షశాస్త్రం పెట్టిన పేరు కజానస్ కజాన్. ఈ పంటనూ దాని అడవి బంధువులనూ శాస్త్రగ్రంథాలు 1834 నుంచి 1986 వరకు రెండు వేర్వేరు ప్రజాతులుగా చూపాయి. ఆ విభజనకు ఆధారమేమిటి, అది ఎలా తొలగింది, అందులో తెలుగు నేలకు ఉన్న పాత్ర ఎంత అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కంది, చిక్కుడు కుటుంబం, అటిలోసియా, వర్గీకరణ చరిత్ర, తాండూరు, పటాన్‌చెరు.

ప్రవేశిక

వికారాబాదు నుంచి తాండూరు వైపు ప్రయాణించే వారికి నేల మారడం స్పష్టంగా కనిపిస్తుంది. మూసీ నది పుట్టే అనంతగిరి గుట్టలది ఎర్రని జేగురు నేల. పడమరగా కాగ్నా నదీ ప్రాంతానికి చేరేసరికి సున్నపురాతి పొరలమీద పరుచుకున్న నల్లరేగడి మొదలవుతుంది. ఇళ్లకు పరిచే తాండూరు బండ ఆ పొరల నుంచి వచ్చినదే, తాండూరు కంది పండేదీ ఆ రేగడిలోనే. ఈ కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. రుచి, త్వరగా ఉడికే గుణం, ఎక్కువకాలం నిలువ ఉండే గుణం దీని ప్రత్యేకతలని, వాటికి కారణం అటాపల్జైట్ అనే బంకమన్ను ఖనిజం అధికంగా ఉన్న ఇక్కడి నేల అని ఆ గుర్తింపు సందర్భంలో పేర్కొన్నారు.

ఇది నేలను బట్టి చేసిన వర్గీకరణ. వృక్షశాస్త్రవేత్తల వర్గీకరణ వేరు. అది పువ్వును, కాయను, గింజను చూస్తుంది కాని నేలను చూడదు. ఆ శాస్త్రం కందిని ఏ వరుసలో నిలబెట్టింది, ఎవరి పక్కన నిలబెట్టింది అన్నది పండితుల గ్రంథాలకే పరిమితమైన సంగతిగా తోచవచ్చు. కాని పంటకు బంధువులెవరో చెప్పేది వర్గీకరణే. తెగుళ్లను, పురుగులను తట్టుకొనే గుణాల కోసం వెదికేవారు మొదట వెళ్లేది ఆ బంధువుల దగ్గరికే.

చిక్కుడు కుటుంబంలో కంది స్థానం

కంది చిక్కుడు కుటుంబానికి చెందినది. లెగ్యుమినోసీ, ఫాబేసీ అనే రెండు పేర్లూ ఈ కుటుంబానికి చెల్లుతాయి. సుమారు 19,500 జాతులున్న ఈ కుటుంబాన్ని బెంథామ్ 1865లో మూడు ఉపవిభాగాలు చేశాడు. చిక్కుడు వంటివి ఒకటి, తంగేడు వంటివి ఒకటి, తుమ్మ వంటివి ఒకటి. మన డిగ్రీ పాఠ్యపుస్తకాలలో తరతరాలుగా నడిచినది ఈ త్రివిభజనే. 2017లో అంతర్జాతీయ పరిశోధక బృందం ఒకటి డి.ఎన్.ఏ. ఆధారాలతో దీనిని ఆరు ఉపకుటుంబాలుగా మార్చింది. అందువల్ల దేవకాంచనం ఒక ఉపకుటుంబంలోకి, చింత మరొకదానిలోకి వెళ్లాయి. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు, రాష్ట్ర వృక్షమైన జమ్మి మాత్రం వేరు గదుల నుంచి వచ్చి ఒకే ఉపకుటుంబంలో చేరాయి. ఇంత కదలికలోనూ కంది స్థానం చెక్కుచెదరలేదు. సీతాకోకచిలుక వంటి పువ్వులున్న పాపిలియోనాయిడీలో, ఆకుల అడుగున పసుపు గ్రంథుల చుక్కలుండే కజానినీ అనే ఉపతెగలో అది నిలిచే ఉంది. వివాదమంతా అంతకన్నా కింది మెట్టులో, ప్రజాతి దగ్గర నడిచింది.

పేరు నడిచిన దారి

ఐరోపా గ్రంథాలలో కందికి దొరికే తొలి చిత్రాలలో ఒకటి వాన్ రీడ్ కూర్చిన హోర్టుస్ మలబారికుస్ ఆరవ సంపుటంలో (1686) ఉంది. అక్కడ దాని పేరు ‘తోర పయరు’. తమిళుల తువరై, కన్నడిగుల తొగరి దీనికి తోబుట్టువులు. తెలుగువారు మాత్రం ‘కంది’ అనే పదాన్ని నిలుపుకున్నారు. 1753లో లిన్నేయస్ దీనిని సైటిసస్ అనే ఐరోపా పొద ప్రజాతిలో చేర్చి సైటిసస్ కజాన్ అన్నాడు. ‘కజాన్’ అన్నది పప్పుగింజలకు మలయా భాషలో ఉన్న ‘కచాంగ్’ అనే మాట నుంచి వచ్చినది. మలయాలో చిక్కుళ్లన్నింటికీ చెల్లే మాట ఇలా కంది ఒక్కదానికే అంటుకుంది. 1763లో ఆడాన్సన్ దీనిని వేరే ప్రజాతిగా గుర్తించాడు. 1813లో డి కాండోల్ కజానస్ అనే రూపాన్ని వాడి, మాంట్‌పెలియే వనం పట్టికలో రెండు జాతులను చూపాడు. ధ్వజదళం పూర్తిగా పసుపుగా ఉంటే ఒకటి, దాని వెనుక ఎర్రని చారలుంటే మరొకటి. ఒకే ఊరి చేలలో రెండు రకాల పూలనూ చూసే రైతుకు ఈ భేదం వింతగానే తోచేది.

తరవాత స్ప్రెంగెల్ 1826లో పెట్టిన కజానస్ ఇండికస్ అనే పేరు వలసపాలన కాలపు వ్యవసాయ నివేదికలలో స్థిరపడింది. లిన్నేయస్ పెట్టిన జాతిపదాన్నే నిలపాలన్న నియమం వల్ల చివరకు కజానస్ కజాన్ నిలిచింది. దీనిని 1900లో మిల్స్‌పా ప్రకటించాడని చాలాకాలం రాస్తూ వచ్చారు. 1893 నాటి హూత్ ప్రకటన ముందుదని గుర్తించాక ఇటీవలి పట్టికలు హూత్ పేరునే చూపుతున్నాయి.

1834: ఒక చిన్న ఉబ్బు తెచ్చిన విడదీత

రాబర్ట్ వైట్, వాకర్ ఆర్నాట్ 1834లో లండన్ నుంచి ప్రకటించిన ద్వీపకల్ప భారత వృక్షసంపద గ్రంథంలో అటిలోసియా అనే కొత్త ప్రజాతిని స్థాపించారు. పువ్వులో, కాయలో కందిని పోలిన అడవి మొక్కలు అందులో చేరాయి. వాటిని కంది నుంచి వేరుచేయడానికి గ్రంథాలు ప్రధానంగా ఆధారపడిన లక్షణం గింజ నాభి దగ్గర ఉండే కండగల చిన్న ఉబ్బు. శాస్త్రభాషలో దానిని స్ట్రోఫియోల్ అంటారు. అటిలోసియా గింజకు అది ప్రస్ఫుటంగా ఉంటుంది, కంది గింజకు ఉండదు. హుకర్ సంపాదకత్వంలో వెలువడిన బ్రిటిష్ ఇండియా వృక్షసంపద గ్రంథంలో చిక్కుడు కుటుంబాన్ని రాసిన బేకర్, ఆ తరవాత మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపదను రాసిన గ్యాంబుల్ ఈ విభజననే పాటించారు.

ఇక్కడ ఒక భౌగోళిక విషయాన్ని గమనించాలి. తెలుగు నేల మొక్కలపై తొలి శాస్త్రీయ కృషి అంతా కోస్తాలో జరిగింది. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి సర్కారు జిల్లాల మొక్కలను పరిశీలించాడు. 1832లో శ్రీరాంపూర్ నుంచి మూడు సంపుటాలుగా వచ్చిన ఆయన ఫ్లోరా ఇండికాలో లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లు కనిపిస్తాయి. వాల్టర్ ఇలియట్ 1859లో ప్రకటించిన ఫ్లోరా ఆంధ్రికా తెలుగు మొక్కల పేర్ల పట్టికే అయినా అది ఉత్తర సర్కారులకు పరిమితం. గ్యాంబుల్ గ్రంథం ప్రెసిడెన్సీ సరిహద్దు దగ్గర ఆగిపోయింది. నిజాం రాజ్యంలో ఉన్న తాండూరు, వికారాబాదులు ఈ మూడింటికీ వెలుపలే. 1911లో పార్ట్రిడ్జ్ రాసిన నిజాం రాజ్యపు వృక్షసంపద గ్రంథం అటవీశాఖ అవసరాల కోసం రాసినది. చేలగట్ల మీది తీగలు, గడ్డిలో పాకే చిన్న చిక్కుళ్లు అటువంటి గ్రంథాల ప్రధాన విషయం కావు. కనుక కంది విస్తారంగా పండే దక్కను మెట్టప్రాంతంలో, పంట పక్కనే పెరిగే దాని అడవి బంధువును ఆ దృష్టితో చూసినవారు అప్పట్లో అరుదు.

మొక్కలు ఇచ్చిన సాక్ష్యం

విభజనపై అనుమానాలు 1950లలో బలపడ్డాయి. కందికీ అటిలోసియాకూ క్రోమోజోముల సంఖ్య ఒకటే, ఇరవై రెండు. పుణెలో కందిని అటిలోసియా లీనియేటాతో సంకరపరచగా సంతానం వచ్చింది. ఆ ఫలితాన్ని 1958లో ‘ప్రజాత్యంతర సంకరం’ అన్న మాటతోనే ప్రకటించారు. రెండు ప్రజాతుల మధ్య ఇంత సులువుగా సంకరం కుదిరితే అవి నిజంగా రెండేనా అన్న ప్రశ్న ఆ మాటలోనే దాగి ఉంది.

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. జొన్న, సజ్జ, శనగ, వేరుశనగలతో పాటు కంది దాని పరిశోధనాంశమైంది. వికారాబాదుకు ఈశాన్యంగా ఉన్న ఈ సంస్థ జన్యునిధిలో నేడు 13 వేలకు పైగా కంది నమూనాలున్నాయి. 1970లలో ఇక్కడ చేరిన డచ్చి వృక్షశాస్త్రవేత్త వాన్ డెర్ మేసెన్ కందినీ అటిలోసియానూ కలిపి అధ్యయనం చేశాడు. ఎండబెట్టిన హెర్బేరియం నమూనాలతో పాటు పొలంలో ఎదిగే మొక్కలూ, సంకరాల ఫలితాలూ ఆయనకు అందుబాటులో ఉన్నాయి. వైట్, ఆర్నాట్‌లకు లేని సౌకర్యం ఇది. కొన్ని సాగు కంది రకాల గింజలలోనూ స్ట్రోఫియోల్ ఆనవాళ్లు కనిపిస్తాయి. అంటే రెండు ప్రజాతులను విడదీసిన గోడ పంటలోనే బీటలు వారి ఉంది.

1986లో వాగెనింగెన్ నుంచి వెలువడిన ఆయన గ్రంథం అటిలోసియాను కజానస్‌లో విలీనం చేసింది. 1813 నాటి పేరు 1834 నాటి పేరు కన్నా ముందుది కనుక ప్రాథమ్య నియమం ప్రకారం కజానస్ నిలిచింది. అప్పటివరకు దాదాపు ఒంటరిగా ఉన్న కందికి ఒక్కసారిగా ముప్పైకి పైగా తోడు దొరికాయి. ఈ 32 జాతులలో 18 ఆసియావి, 13 ఆస్ట్రేలియావి, ఒకటి పశ్చిమాఫ్రికాది. ఈజిప్టు సమాధిలో దొరికిన ఒక గింజను బట్టి కంది పుట్టిల్లు ఆఫ్రికా అన్న వాదం చాలాకాలం నడిచింది. అడవి బంధువులలో అధికభాగం ఇక్కడే ఉండడం భారతదేశం వైపు మొగ్గింది. ఒడిశాలోని గోపాల్‌పూర్, గోల్‌బాయి సాసన్ తవ్వకాలలో దొరికిన ప్రాచీన కంది గింజలు దానికి తోడయ్యాయి.

వీటన్నిటిలో కందికి అతి దగ్గరి బంధువు కజానస్ కజానిఫోలియస్. దీనిని హెయిన్స్ ఒడిశా నుంచి అటిలోసియాగా వర్ణించాడు. బస్తరు కొండలలోనూ ఇది పెరుగుతుంది. ఆ పేరుకే ‘కంది ఆకుల వంటి ఆకులు కలది’ అని అర్థం. పేరు పెట్టినవాడికే పోలిక తెలుసు, ప్రజాతి గీత మాత్రం దాటలేదు.

విలీనం తరవాత

విలీనం వల్లనే ప్రజననంలో ఫలితాలు వచ్చాయనడం అతిశయోక్తి అవుతుంది. సంకరాలు అంతకుముందే మొదలయ్యాయి. కాని వెదకవలసిన వనరులను ఒకే పేరు కిందికి చేర్చిన పట్టిక ఈ గ్రంథమే. దాని విలువ విత్తనోత్పత్తిలో కనిపిస్తుంది. 1991లో ఇక్రిశాట్ రూపొందించిన ఐ.సి.పి.హెచ్. 8 అనే హైబ్రిడ్ కంది విడుదలైంది. పప్పుధాన్యాలలో అది ప్రపంచంలోనే మొదటి హైబ్రిడ్. అయితే విత్తనం తయారు చేసే పొలంలో ఆడ వరుసలలోని మొక్కలలో సగాన్ని పూత దశలో గుర్తించి పీకివేయాలి. ఆ శ్రమ, ఆ ఖర్చు భరించలేక అది వ్యాప్తి చెందలేదు. 2005లో కజానిఫోలియస్ కణద్రవ్యం నుంచి వచ్చిన పురుష వంధ్యత్వ పద్ధతిని ప్రకటించాక ఈ చిక్కు తీరింది. ఆ దారిలో వచ్చిన ఐ.సి.పి.హెచ్. 2740 తెలంగాణలో 2015లో ‘మన్నెంకొండ కంది’ పేరుతో విడుదలైంది. హెయిన్స్ అడవి మొక్క, వర్గీకరణ మారిన ముప్పై ఏళ్లలోపే, మెట్టరైతు చేలోకి ఈ రూపంలో చేరింది.

మరొక బంధువు కజానస్ స్కారబేయోయిడిస్ తెలంగాణ జిల్లాలన్నిటా గడ్డినేలల్లో పాకే సన్నని తీగ. దాని కాయల మీది దట్టమైన నూగు శనగపచ్చ పురుగు పిల్లలకు అడ్డుపడుతుందని పరిశోధనలు తేల్చాయి. కంది కాయను తొలిచే ఆ పురుగు ఏ ఊరి రైతుకూ కొత్త కాదు. 2011లో ‘ఆశ’ అనే రకం ఆధారంగా కంది జన్యుపటాన్ని, 2017లో అడవి జాతులతో సహా 292 నమూనాల పోలికను ప్రకటించిన కృషిలోనూ పటాన్‌చెరుదే ప్రధాన పాత్ర.

నేల పేరు, మొక్క పేరు

తాండూరు కందిని ఈ వరుసలో ఎక్కడ ఉంచాలి? వృక్షశాస్త్రం ప్రకారం దానికి వేరే స్థానం లేదు. కలబురగి తొగరిబేళెకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదీ కజానస్ కజానే. తాండూరు దాటితే సేడం, చించోళి. సున్నపురాయీ నల్లరేగడీ రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగవు. పేరు మాత్రం అక్కడ మారుతుంది. కంది పూలకు తేనెటీగలు వాలుతాయి కనుక పొరుగు చేల పుప్పొడి కలవకుండా ఉండదు. భౌగోళిక గుర్తింపు పొందిన స్థానిక రకాన్ని దాని గుణాలతో నిలుపుకోవాలంటే విత్తనం కట్టే చేనుకూ ఇతర కంది చేలకూ మధ్య దూరం పాటించవలసి ఉంటుంది. గట్టు మీది స్కారబేయోయిడిస్‌ను మాత్రం రైతు నేటికీ కలుపుగానే చూస్తాడు. మేతకు వచ్చిన పశువులు గడ్డితో పాటే దానిని మేసి వెళ్తాయి.