ఓడిన ఓట్ల లెక్క

2021 తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో రెండో స్థానమూ మూడో స్థానమూ స్త్రీలవే. పనబాక లక్ష్మికి 3,54,000కు పైగా, రత్నప్రభకు 57,000 ఓట్లు వచ్చాయి. గురుమూర్తి 6,26,000 ఓట్లతో గెలిచారు. ఆ గెలుపులో సందేహానికి తావు లేదు. లక్ష్మికి పడ్డవన్నీ స్త్రీ అని వేసిన ఓట్లనుకోవడం మన ముచ్చట మాత్రమే, అవి ఎక్కువగా పార్టీ ఓట్లు. అయినా ఆ నాలుగు లక్షల మంది మాటేమిటి? మా వీధిలో పూలమ్మే ఆవిడ నన్నోసారి అడిగింది, "ఓడిపోయినోళ్ళకేసిన ఓటు యాడికి పోతాదమ్మా?" అని. ఎక్కడికీ పోదు. లెక్కపెట్టి పక్కన పెట్టేస్తారు.

తిరుపతి ఇంతవరకూ ఒక్క స్త్రీనీ లోక్‌సభకు పంపలేదు. చిత్తూరు 1984లో ఎన్.పి. ఝాన్సీలక్ష్మిని పంపింది, అంతే.

దామాషా పద్ధతిలో ఆ ఓటు పక్కకు పోదు. రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గమనుకోండి. పార్టీ తన జాబితా ఇస్తుంది, మనం పార్టీకి ఓటేస్తాం, వచ్చిన శాతాన్ని బట్టి జాబితాలో పైనుంచి అంతమంది ఎన్నికవుతారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి సుమారు 40 శాతం ఓట్లొస్తే 25 సీట్లలో దక్కినవి 3. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ దాదాపు అంతే శాతం, 4 సీట్లు. దామాషాలో ఇద్దరికీ చెరో పది వచ్చేవి. జాబితాలో ఒకరు విడిచి ఒకరు స్త్రీ ఉండాలన్న నియమం పెడితే, వాళ్ళలో సగం మంది స్త్రీలే.

ఇది మనకు కొత్తేమీ కాదు. 1946లో రాజ్యాంగ సభ సభ్యులను రాష్ట్రాల శాసనసభలు దామాషా పద్ధతిలోనే ఎన్నుకున్నాయి. మద్రాసు నుంచి దుర్గాబాయి అలా వెళ్ళిందే. రాజ్యసభ ఎన్నికలు ఇప్పటికీ అంతే: 175 మంది ఎమ్మెల్యేలు, 3 ఖాళీలు ఉంటే 44 మంది మొదటి ప్రాధాన్యం ఇస్తే చాలు. ప్రజాప్రతినిధులకు పనికొచ్చిన పద్ధతి ప్రజలకెందుకు పనికిరాలేదు?

1949 జనవరి 4న రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ దామాషా కోరుతూ సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. దామాషాకు చదువు కావాలి, ఓటరుకు కనీసం అంకెలు రావాలి అన్నారు. చట్టసభలు ముక్కచెక్కలై ప్రభుత్వాలు నిలవవనీ అన్నారు. 1951 జనగణనలో స్త్రీల అక్షరాస్యత 9 శాతమైనా లేదు కనుక మొదటి మాటను తేలిగ్గా తీసెయ్యలేం. కానీ అంకెలు కావాల్సింది ప్రాధాన్యాలు రాసే పద్ధతికి. జాబితా పద్ధతికి ఇప్పటిలాగే ఒక గుర్తు చాలు. స్థిరత్వం మాట మాత్రం బరువైనదే.

పక్కనున్న నేపాల్‌లో 2008 రాజ్యాంగ సభకు రెండు పద్ధతులూ ఒకేసారి వాడారు. నియోజకవర్గాల్లో 240 సీట్లకు 30 మంది స్త్రీలు గెలిచారు. దామాషా 335లో 161 మంది వచ్చారు. అవే పార్టీలు, అదే ఓటర్లు.

అయితే ఆ జాబితా రాసే చెయ్యి ఎవరిది? ఇక్కడే నాకు భయం. ఇప్పుడు టిక్కెట్టు ఇచ్చే పెద్దమనిషే రేపు వరసా రాస్తాడు. నియోజకవర్గంలో తిరిగిన మనిషికి జనం ముందు కనీసం ముఖం ఉంటుంది, జాబితాలో పదో పేరుకు అదీ ఉండదు.

2023 మహిళా రిజర్వేషన్ చట్టం ఈ చిక్కులోకి దిగలేదు. పద్ధతిని కదపకుండా మూడోవంతు సీట్లు స్త్రీలకు కేటాయించింది, షెడ్యూల్డ్ కులాల సీట్లలో కూడా మూడోవంతు. తిరుపతి, చిత్తూరు రెండూ షెడ్యూల్డ్ కులాల స్థానాలే. వంతు వచ్చిన ఎన్నికలో ఇక్కడ ఒక దళిత స్త్రీ తప్పక గెలుస్తుంది. ఆమెతో పోటీపడి ఓడిన దళిత స్త్రీలకు పడ్డ ఓట్లను మళ్ళీ లెక్కపెట్టి పక్కన పెడతారు.