డైనమిక్ పొజిషనింగ్

డైనమిక్ పొజిషనింగ్ (సంక్షిప్తంగా డి.పి.) అనగా లంగరు వేయకుండా, ఓడ తన సొంత ప్రొపెల్లర్లు, థ్రస్టర్ల బలంతోనే నడిసముద్రంలో ఒకే చోట, ఒకే దిశలో నిలిచి ఉండేటట్లు కంప్యూటరు ద్వారా నియంత్రించే పద్ధతి. సముద్రగర్భంలో చమురు, సహజవాయువు బావులు తవ్వే ఓడలు, డైవర్లకు ఆధారంగా నిలిచే ఓడలు, కేబుళ్ళు వేసే ఓడలు, పరిశోధన నౌకలు దీనిని వాడుతాయి. లంగరు వేసిన ఓడకు యంత్రాలు ఆగిపోయినా గొలుసు ఆధారంగా ఉంటుంది. డి.పి. ఓడకు యంత్రాలే ఆధారం. అందువలన ఏదైనా ఒక భాగం చెడినప్పుడు కూడా ఓడ కదలకుండా చూడటమే ఈ పద్ధతిలో అసలు సమస్య.

అవసరం

లంగర్లతో ఓడను స్థిరంగా నిలపాలంటే దాని చుట్టూ అనేక లంగర్లు వేయాలి. వాటి గొలుసులు, తాళ్ళ పొడవు నీటి లోతుకు కొన్ని రెట్లు ఉండాలి. కనుక లోతు పెరిగేకొద్దీ ఈ పని కష్టమవుతుంది. అడుగున పైపులైన్లు ఉన్నచోట లంగర్లు వాటిని దెబ్బతీయవచ్చు. డి.పి. ఓడకు ఈ ఇబ్బందులు లేవు. కాని ఇంజన్లు నిరంతరం నడవాలి కాబట్టి ఇంధనం ఖర్చు ఎక్కువ.

చరిత్ర

భూమి పైపొరను ఛేదించి లోపలికి తవ్వాలన్న అమెరికా "మొహోల్" ప్రాజెక్టులో భాగంగా 1961లో "కస్ 1" అనే ఓడ మెక్సికోకు చెందిన గ్వాడలూప్ ద్వీపం వద్ద సుమారు 3,500 మీటర్ల లోతు నీటిలో తవ్వకం జరిపింది. దానికి అమర్చిన నాలుగు ప్రొపెల్లర్లను మనుషులే నియంత్రించారు. అదే సంవత్సరం షెల్ సంస్థకు చెందిన "యురేకా" ఓడలో స్వయంచాలక నియంత్రణ ప్రవేశించింది. దీని రూపకల్పనలో ఇంజనీరు హోవార్డ్ షాటో ముఖ్యుడు. 1970వ దశకంలో నార్వేలో జెన్స్ గ్లాడ్ బాల్చెన్ కాల్మన్ ఫిల్టరు అనే గణిత పద్ధతిని ఇందులో ఉపయోగించాడు.

పనిచేసే విధానం

ఓడకు ఆరు రకాల కదలికలు ఉంటాయి. వాటిలో మూడింటిని మాత్రమే డి.పి. నియంత్రిస్తుంది: ముందు వెనుకలకు జరగడం, పక్కలకు జరగడం, నిలువు అక్షం చుట్టూ తిరగడం. అలలపై లేచి పడటాన్ని, ఊగడాన్ని అది ఆపదు.

ఓడ ఉన్న చోటును ఉపగ్రహాల ద్వారాను, సముద్రపు అడుగున ఉంచిన పరికరాల ధ్వని సంకేతాల ద్వారాను, అడుగుకు దించిన బరువుకు కట్టిన బిగుతైన తీగ వాలును బట్టియు తెలుసుకుంటారు. దిశను గైరో దిక్సూచి, గాలి వేగాన్ని వేరొక పరికరం తెలుపుతాయి. కంప్యూటరు వీటిని కలిపి, ఏ థ్రస్టరు ఎటువైపు ఎంత బలంతో తోయాలో నిర్ణయిస్తుంది. ప్రతి అలకూ ఎదురు తోస్తే ఇంధనం వృథా, యంత్రాలకు అరుగుదల. అందుచేత అలల వేగవంతమైన ఊపును ఫిల్టరు వేరుచేయగా, గాలి, ప్రవాహం, అలల వలన కలిగే నెమ్మదైన జరుగుడును మాత్రమే సరిదిద్దుతారు.

తరగతులు

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1994లో జారీచేసిన మార్గదర్శకాలు ఈ పరికరాలను మూడు తరగతులుగా విభజించాయి. 2017లో వాటిని సవరించారు.

1వ తరగతి: ఒక్క లోపంతోనే ఓడ స్థానం తప్పవచ్చు.
2వ తరగతి: జనరేటరు, థ్రస్టరు వంటి పనిచేసే భాగాలలో ఏ ఒక్కటి చెడినా స్థానం తప్పరాదు.
3వ తరగతి: ఓడలో ఏదైనా ఒక గది అగ్నికి ఆహుతైనా, నీట మునిగినా స్థానం తప్పరాదు.

ప్రమాదాలు

శక్తి చాలక ఓడ కొట్టుకుపోవడం ఒక రకం ప్రమాదం. తప్పుడు సమాచారం వలన థ్రస్టర్లే ఓడను పక్కకు నెట్టడం రెండవ రకం. తవ్వకం జరుగుతుండగా ఓడ హద్దు దాటితే బావిని మూసి, గొట్టాన్ని వెంటనే విడదీయాలి.

2005 జూలై 27న ముంబై హైలో "సముద్ర సురక్ష" ఓడ గాయపడిన ఒక సిబ్బందిని చమురు వేదికకు చేర్చడానికి వచ్చింది. థ్రస్టర్లలో ఇబ్బంది వలన ఓడను చేతి నియంత్రణతో నడుపుతుండగా అది గ్యాసు గొట్టాన్ని తాకి మంటలు చెలరేగాయి. వేదిక పూర్తిగా నాశనమై 22 మంది మరణించారు.

2012 సెప్టెంబరులో ఉత్తర సముద్రంలో "బిబ్బీ టోపాజ్" ఓడ డి.పి. వ్యవస్థ విఫలమై కొట్టుకుపోగా, అడుగున పనిచేస్తున్న ఒక డైవరు శ్వాసగొట్టం తెగిపోయింది. అతని వద్ద కొద్ది నిమిషాలకు సరిపడే గాలి మాత్రమే ఉన్నది. వ్యవస్థను తిరిగి ప్రారంభించి ఓడను వెనుకకు తెచ్చేసరికి అరగంట దాటినా అతడు బ్రతికాడు.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో

ఆంధ్రప్రదేశ్ తీరానికి ఎదురుగా ఉన్న ఈ బేసిన్‌లో 2006లో "జాయిడెస్ రిజల్యూషన్" నౌక డి.పి. సాయంతో తవ్వి, సుమారు 1,000 మీటర్ల లోతు నీటి అడుగున గ్యాస్ హైడ్రేట్ల మందమైన నిక్షేపాన్ని కనుగొన్నది. 2015లో జపాను నౌక "చిక్యూ" తూర్పు తీరంలో ఇదే పరిశోధనను కొనసాగించింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైన కేజీ-డి6 వంటి లోతు నీటి గ్యాసు క్షేత్రాలకు కూడా ఇటువంటి ఓడలే అనుకూలం.

ఇవి కూడా చూడండి

లంగరు
గ్యాస్ హైడ్రేట్లు
ముంబై హై