పురుగులను భుజించు మొక్కల చరిత్రము



నేను బడిపంతులుగా నున్న తొలినాళ్ళలో నొక తప్పు చేసితిని. మడగాస్కరు దీవిలో మనుష్యులను మ్రింగు చెట్టొకటి కలదని పాత పుస్తకమునందు చదివి, దానిని పిల్లలకు పాఠమువలెనే చెప్పితిని. వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, "పంతులుగారూ, దానిని చూచినవారెవరండీ?" అని యడిగెను. నేను వానిని కసరి కూర్చుండబెట్టితిని. ఆ కథ 1874లో న్యూయార్కు నగరపు పత్రికయొకటి ప్రకటించిన కట్టుకథ యని నాకు బహుకాలమునకు గాని తెలియలేదు. ఆ బాలునకు నాడు చెప్పవలసిన బదులును నేడు మీకు చెప్పుచున్నాను.

మనుష్యులను తిను చెట్టు లేదు. పురుగులను పట్టి తిను మొక్కలు మాత్రము నిజముగా కలవు. ఇవి సారములేని బురదనేలలయందును, ఇసుకచెలకలయందును మొలచును. ఎండ, గాలి, నీరు వీనికిని కావలసినంత కలవు గాని, పైరునకు మనము ఎరువుద్వారా నందించు నత్రజని ఆ నేలలో మిక్కిలి తక్కువ. ఆ కొరతను ఇవి పురుగుల శరీరములనుండి తీర్చుకొనును. ఇంత చిన్న సంగతి లోకమున స్థిరపడుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

1759లో అమెరికాయందలి ఉత్తర కరోలినాకు గవర్నరుగా నుండిన ఆర్థరు డాబ్సు, తాకినంతనే మూసికొను మొక్కయొకటి తన సీమలో కలదని ఇంగ్లండులోని మిత్రునకు జాబు వ్రాసెను. దాని ఆకు చివర, తెరచిన పుస్తకపు రెండట్టలవలె రెండు రెక్కలుండును. అంచులకు ముండ్లు, లోపల సన్నని నూగువెండ్రుకలు. ఈగ ఆ వెండ్రుకలను సుమారు 20 సెకండ్లలోపల రెండుమారులు తాకెనా, అట్టలు మూతపడును. ఒక్కమారు తాకిన కదలదు. ఎండుటాకు పడినను, చినుకు పడినను ఊరక మోసపోకుండుటకు ఇది మంచి యుపాయము. లండను వర్తకుడగు జాన్ ఎల్లిసు 1768లో దీనికి డయోనియా యని పేరుపెట్టి, ఇది ఆహారమునకే పురుగులను పట్టుచున్నదని స్వీడను దేశపు లిన్నేయసునకు తెలియజేసెను.

లిన్నేయసు సామాన్యుడు కాడు. లోకమందలి మొక్కలకెల్ల రెండేసి మాటల పేర్లుపెట్టి వరుస యేర్పరచిన మహానుభావుడు. ఆయన ఇది మన అత్తిపత్తి వంటిదేననియు, పురుగు పెనుగులాట మానినంతనే ఆకు విచ్చుకొని దానిని విడిచిపెట్టుననియు తలచెను. నిజము దీనికి సరిగా విరుద్ధము. పురుగు పెనుగులాడిన కొలది ఆకు బిగియును. కొన్నిదినములకు విచ్చునప్పటికి డొల్ల మాత్రమే మిగులును. 1834లో కర్టిసు అను నతడు ఆ మొక్కలు పుట్టిన చోటనే నుండి, లోపలి పురుగు ఒక ద్రవమున కరగుటను కనిపెట్టి ప్రకటించెను. అయినను పెక్కుమంది లిన్నేయసు మాటనే పట్టుకొనియుండిరి. పెద్దవాని మాట కాదనుటకు వెనుదీయుట మన పండితులకే పరిమితమైన దోషము కాదు.

1860 వేసవిలో చార్లెసు డార్విను ససెక్సు సీమలోని యొక బయలునందు డ్రొసెరా యను చిన్న మొక్కలను చూచెను. దీని ఆకున వెండ్రుకలవంటి కాడలుండి, వాని కొనలయందు మంచుబిందువులవలె జిగటబొట్లు మెరయుచుండును. డజను మొక్కలను పెరికి లెక్కింపగా 56 ఆకులలో 31 ఆకులకు చచ్చిన పురుగులంటియుండెను. ఆయన వానిని ఇంట పెంచి మాంసపు తునుకలు, గ్రుడ్డులోని తెల్లసొన, పాలు, గాజుముక్కలు ఒక్కొక్కటిగ ఆకులపై నుంచి చూచెను. 0.000822 మిల్లీగ్రాముల బరువుగల వెండ్రుకతునుక సోకినను కాడ వంగెను. వానచినుకులు పడిన కదలకుండెను. కలకత్తాయందు పాములనుగూర్చి శోధించిన డాక్టరు ఫేరరు ఇచ్చిన ఎండిన నాగుపాము విషమును సయితము ప్రయోగించెను. మనిషిని చంపు ఆ విషమునకు మొక్క చావలేదు సరిగదా, కాడలు మరింత వడిగా వంగెను! మొక్కను జంతువని ఋజువు చేయబోవుచున్నాడు కాబోలునని ఆయన భార్య యొక జాబులో పరిహాసమాడినది.

మనుస్మృతియందు వృక్షములకు అంతస్సంజ్ఞ చెప్పబడియున్నందున ఇదంతయు మనవారెరిగినదేయని కొందరు మిత్రులందురు. ఆ మాట వాని సుఖదుఃఖములను గూర్చినది, ఆహారమును గూర్చినది కాదు. రెంటిని ముడిపెట్టుట శాస్త్రమునకు గౌరవము కాదు.

డార్విను గ్రంథము 1875లో వెలువడినది. అంతటితో తగవు తీరలేదు. పురుగును పట్టును, కరగించును, సరే. దానివలన మొక్కకు లాభమేమి? పురుగులు లేకున్నను ఇవి బ్రతుకుచున్నవిగదా యని కొందరాక్షేపించిరి. ఆయన కుమారుడు ఫ్రాన్సిసు 1877 వేసవిలో సుమారు 200 డ్రొసెరా మొక్కలను నాచుతో నింపిన పళ్ళెములలో పెంచెను. ప్రతి పళ్ళెమునకు నడుమ కొయ్యచెక్కతో అడ్డుగట్టి, ఒక వైపు మొక్కలకు వేపిన మాంసపు నలుసులు పెట్టెను. రెండవ వైపు వానిని పస్తుంచెను. ఈగలు వాలకుండ అన్నిటిపై పలుచని గుడ్డ తెర కప్పెను. పస్తున్న మొక్కల లెక్క 100 అనుకొన్నచో, మేసిన మొక్కల పూకాడలు 165, కాయలు 194, విత్తులు 242, విత్తుల బరువు 380 అయ్యెను. తేడా మిక్కుటముగా కనబడినది కాయలయందును, విత్తులయందును. పైరు పచ్చదనము చూచి గాదె నిండుననుకొనరాదని మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ పరీక్ష వెలువడినది లండనులో ఆ లిన్నేయసు పేరనే వెలసిన సభవారి పత్రికలో!

డ్రొసెరా జాతులు మన తెలుగునేలపైనను కలవు. వానలు వెనుకబట్టిన పిదప తడియిసుకలో, నేలనంటుకొని యెర్రని బొట్లవలె నుండును. ఉద్యోగము మానిన తరువాత వానిని నాలుగు తెచ్చి, మంచిపని చేయుచున్నాననుకొని, పెరటిమట్టిలో నాటి, పశువుల యెరువు వేసి, నూతినీరు పోసితిని. వారము తిరుగకుండ కుళ్ళిపోయినవి. వీని వేళ్ళకు బలమైన యెరువును, ఉప్పుగల నీరును గిట్టవు. మరుసటి యేడు వెడల్పు మూకుడులో ఇసుక పోసి, వాననీరు మాత్రమే పట్టి, ఎండ తగులునట్లు అరుగుపై నుంచితిని. దోమలను, చిన్నచీమలను అవియే పట్టుకొనినవి. తెల్లని పూలు పూచినవి. విత్తులను మాత్రము లెక్కింపలేకపోతిని. ధూళివలె నుండు వానికి నా కన్ను ఆనలేదు.