కప్ప ఎముకకు మహిమ పోయిన కాలం

ఇంగ్లండు తూర్పు తీరాన సఫోక్ అనే సీమ ఉంది. అక్కడి బంకమట్టి నేలల్ని దున్నినవి గుర్రాలు. వాటిని చూసుకునే పాలేరు తెల్లవారుజామున నాలుగింటికే లాయంలో ఉండేవాడు. తిన్న మేత అరగందే గుర్రాన్ని పనిలోకి దించకూడదు. ఆరున్నరకు బయల్దేరాలంటే అప్పుడు లేవక తప్పదు. పొట్టులో ఓట్స్ కలిపి కొంచెం కొంచెంగా వేసేవాడు. తొట్టి ఒక్కసారే నింపేసి పోవడం పని తెలియనివాడి లక్షణం. మేత అయ్యాక ఒళ్ళంతా రుద్ది మాలీసు చేసేవాడు. లాయంలోంచి పెద్ద పాలేరు జత ముందు కదలాలి, దాని వెనక రెండోవాడిది, ఆ తర్వాతే మూడోవాడిది. ఆ వరస తప్పడానికి ఎవరికీ వీల్లేదు.

జీతం చూస్తే మామూలు కూలివాడికంటే పెద్ద ఎక్కువేం కాదు. అయినా ఊళ్ళో అతనికో స్థానం ఉంది. తొమ్మిదంగుళాల చాలుతో ఎకరం దున్నాలంటే 11 మైళ్ళు నడవాలి. రెండు గుర్రాల వెనక రోజూ అంత దూరం నడిచి, గీత గీసినట్టు చాలు తోలేవాడు. ఆదివారం సెలవుపూట ఒకరి దుక్కి ఒకరు చూసి వచ్చేవాళ్ళు. చాలు వంకరపోతే ఆ మాట ఊరంతా పాకేది.

గుర్రం మెరవడం కోసం బ్రయొనీ తీగ దుంపను తురిమి మేతలో కలిపేవారు. దినుసులకు సొంత డబ్బు పెట్టేవాళ్ళు, యజమాని కొట్లోంచి గింజలు దొంగిలించేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంట్లో పిల్లలకు అరకొర తిండి పెట్టుకుంటూ, దొంగిలించిన గింజలు గుర్రానికి పోసిన మనుషులు వాళ్ళు. దాన్ని దొంగతనం అనడానికి నాకు నోరు రాదు.

ఇక వాళ్ళ రహస్యాలు. కప్పను చంపి, ముళ్ళకంప మీద ఆరబెట్టి, ఎముకలు మిగిలాక వెన్నెల రాత్రి పారే నీటిలో వదలాలి. వాటిలో ఒక ఎముక ప్రవాహానికి ఎదురీదుతుందట. అది జేబులో ఉన్నవాడు చెప్పినట్టు గుర్రం వింటుందట! అసలు కిటుకు వాసనలో ఉంది. గుర్రం ముక్కు చాలా చురుకైనది. దాల్చినచెక్క, రోజ్‌మేరీ లాంటి నూనెల వాసన పట్టిస్తే మనిషి దగ్గరికి వస్తుంది. గుమ్మానికి దానికి గిట్టని వాసన రాస్తే అడుగు కదపదు. చూసేవాళ్ళకు అది మంత్రం. తెలిసినవాళ్ళు నోరు మెదిపేవారు కాదు. ఆ మౌనమే వాళ్ళ పలుకుబడి.

1939లో యుద్ధం వచ్చింది. అప్పటికి బ్రిటన్ తినే తిండిలో సగానికి మించి ఓడల్లో వచ్చేది. ఆ ఓడల్ని జర్మన్ జలాంతర్గాములు ముంచుతున్నాయి. పచ్చిక బీళ్ళు దున్నితే ఎకరానికి 2 పౌండ్లు ఇచ్చింది ప్రభుత్వం. నాగలి పట్టడం తెలిసిన మనిషిని సైన్యానికి పంపకుండా ఊళ్ళోనే ఉంచుకుంది. పట్నం నుంచి పొలం పనులకు విమెన్స్ లాండ్ ఆర్మీ అనే దళం అమ్మాయిలు వచ్చారు. 1943 నాటికి వాళ్ళు 80 వేలకు పైగా ఉన్నారు. అప్పటిదాకా గుర్రాన్ని ముట్టుకోని ఆ పిల్లల్లో చాలామందికి మెడపట్టెడ తగిలించడం, పగ్గం పట్టడం నేర్పింది ఈ పాలేర్లే. యుద్ధం ముగియవచ్చాక సైన్యంలో పనిచేసినవాళ్ళకు ఇచ్చే డబ్బు ఈ అమ్మాయిలకు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. అందుకు నిరసనగా 1945లో వాళ్ళ నాయకురాలు లేడీ డెన్‌మన్ రాజీనామా చేసింది. దేశానికి అన్నం పెట్టిన చేతులకు దక్కిన మర్యాద అది.

గుర్రానికి దక్కింది ఇంకా ఘోరం. 1939లో 50 వేల పైచిలుకున్న ట్రాక్టర్లు 1946కి 2 లక్షలు దాటాయి. ఆకలి తీర్చాలంటే అన్ని ఎకరాలూ దున్నాలి, అన్నీ దున్నాలంటే యంత్రం కావాలి. ట్రాక్టరు కొన్న రైతును తప్పు పట్టలేం. కానీ యుద్ధమంతా బరువు లాగిన జీవాల్ని 1947, 1948 సంవత్సరాల్లో ఏడాదికి లక్ష చొప్పున కబేళాకు తోలారు. వాటిలో మూడేళ్ళు నిండనివీ చాలా ఉన్నాయి. పెద్ద పాలేరు లాయంలోంచి జతలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. వయసున్నవాడు ట్రాక్టరెక్కాడు. ముసలివాడు పెరట్లో చిల్లర పనులకు మిగిలాడు. ముందెవరు, వెనకెవరు అనే వరసతో ఎవరికీ పని లేకపోయింది.

1948లో బ్లాక్సాల్ అనే పల్లెకు జార్జ్ ఇవార్ట్ ఎవాన్స్ అనే వేల్స్ రచయిత వచ్చాడు. ఆయన భార్య అక్కడి బడిలో టీచరు. ఆయనకు చెవులు మందగిస్తున్నాయి. ఇరుగుపొరుగు ముసలివాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు వినేవాడు, రాసుకునేవాడు, తర్వాత టేపు మీద పట్టుకున్నాడు. తోటి పాలేరుకైనా చెప్పని కిటుకుల్ని ఆ ముసలి పాలేర్లు ఆయన ముందు విప్పారు: ఏ నూనె, ఏ దుంప, ఏ ఎముక. దాచుకుంటే దక్కేదేమీ లేదు గనకనే చెప్పారు. ఆయన పుస్తకాలు చదివినప్పుడల్లా నన్ను కలచివేసేది అదే. ఆ మాటలతో 1960లో ‘ది హార్స్ ఇన్ ది ఫరో’ వచ్చింది.

ఆ సీమ గుర్రం పేరు సఫోక్ పంచ్. ఒంటినిండా రాగి రంగు. కాళ్ళకు జూలుండదు గనక బంకమట్టి అంటుకోదు. ఇవాళ మిగిలిన ప్రతి సఫోక్ పంచ్ మగ వంశం 1768లో పుట్టిన ఒకే ఒక మగ గుర్రం దగ్గరికి చేరుతుంది. 1966లో ఆ జాతి వంశావళిలో కొత్తగా నమోదైన పిల్లలు 9. హోజ్లీ బే అనే చోట ఉన్న జైలు పొలంలో ఆ జాతి మంద ఒకటి నిలిచింది. 2006లో ఒక ధర్మసంస్థ ఆ మందను కొనుక్కునేదాకా, పెద్ద పాలేర్లు నోరు విప్పకుండా కాపాడుకున్న పనిని అక్కడ శిక్ష అనుభవిస్తున్నవాళ్ళు నేర్చుకున్నారు, చేశారు.