జాజికాయ దీవులు

తాంబూలమునకు జాజికాయ, జాపత్రి కూర్చుట మన పెద్దలకు తెలిసిన సంగతియే. అమరసింహుడు జాతీఫలమును తన నిఘంటువున కెక్కించెను. వైద్యులు దానిని అజీర్ణమునకు, అతిసారమునకు వాడుచువచ్చిరి. అయినను ఆ చెట్టు మన దేశమున పుట్టినది కాదు. పదునెనిమిదవ శతాబ్ది నడిమిదాక లోకమునకు కావలసిన జాజికాయ, నేటి ఇండోనేషియాలో సేరం దీవికి దక్షిణముగ నున్న బాండా అను కొలదిపాటి దీవులనుండియే రావలసియుండెను. నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో గోడపటముమీద ఆ దీవులను చూపబోయినప్పుడెల్ల నా బెత్తపుకొన వాని నన్నిటిని ఒక్కసారిగ కప్పివేయుచుండెడిది. అంత చిన్న తావున 1621వ సంవత్సరమున జరిగిన పనిని నేడు మీకు విన్నవింపదలచితిని. ఐరోపావారి సామ్రాజ్యములు భూములను గెలుచు కోరికతోనే ఆరంభమైనవని మనము సాధారణముగ తలచుచుందుము. బాండా కథలో మొదటి కోరిక భూమి కాదు. సరకునకు తాము తప్ప వేరొక కొనువాడు ఉండరాదనుట.

బాండాలో రాజు లేడు. ఒరాంగ్ కాయలనబడు ఊరిపెద్దలు కూడి మాటాడుకొని వ్యవహారములు నడపుకొనెడివారు. కొండవాలులనిండ జాజిచెట్లేగాని తిండిగింజ లేదు. కనుక జావా మొదలగు దేశముల వర్తకులు బియ్యమును, బట్టను తెచ్చియిచ్చి జాజికాయ తీసికొనిపోవుచుండిరి. ఆ బట్టలో మన తూర్పుతీరపు నేత విశేషముగ నుండెను. మన పెద్దలు వలందావారని పిలిచిన డచ్చివారు 1605 ప్రాంతమున బందరులో దిగుటకు ముఖ్యకారణ మిదియే. వెండి యిచ్చి సుగంధద్రవ్యములు కొనుటకంటె బట్ట యిచ్చి మార్చుకొనుట వారికి లాభకరము. హెండ్రిక్ బ్రౌవర్ అను కుంపిణీ ఉద్యోగి 1612లో మన తీరమును మొలక్కా దీవులకు ఎడమచేయిగ వర్ణించెను. బందరులో వలందపాలెమను పేట పేరు నేటికిని నిలిచియున్నది. దాని వెనుక బాండా యొకటి యున్నదని మాత్రము మన మెరుగము.

1602లో వలందావారు కొందరు పెద్దలచేత ఒక పత్రముమీద వ్రాలు చేయించుకొనిరి. ఇకమీదట జాజికాయ తమకు తప్ప అన్యుల కమ్మరాదని దాని సారాంశము. వ్రాలు చేసినవారు దాని భావమును ఎంతవరకు గ్రహించిరో సందేహమే; తక్కిన పెద్దలు అందులో చేరనేలేదు. బియ్యము తెచ్చు వర్తకుని వాకిటినుండి త్రోసివేసినచో ఆకలికి దిక్కెవరు? వారు పూర్వమువలెనే నలుగురికి అమ్ముచుండిరి. తరతరముల వాడుకయైన బేరము ఆ దినమునుండి కుంపిణీ కన్నులకు ద్రోహమాయెను. నాకు తర్కము చెప్పిన గురువులైనచో దీనిని ఛలమనెడివారు. బాండావారును నిర్దోషులని చెప్పను. 1609లో కోట కట్టవచ్చిన వెర్హూఫ్ అను సేనానిని, అతని వెంటనున్నవారిని సంప్రదింపులకని పిలిచి చంపిరి. ఆ సంగతి దాచి చరిత్ర చెప్పుట తగదు.

వెర్హూఫ్ నౌకలలో చిన్న యుద్యోగిగ వచ్చిన యాన్ పీటర్‌సూన్ కూన్ అనునతడు తరువాత గవర్నరు జనరలై, 1621లో పెద్ద నౌకాదళముతో లోంతోర్ దీవిపై దిగెను. అతని సైన్యములో జపానునుండి కూలికి వచ్చిన యోధులును ఉండిరి. దీవి త్వరలోనే వశమాయెను. పెద్దలు లొంగిపోయిరి. పిమ్మట కుట్ర పన్నుచున్నారను నేరము మోపి వారిని హింసించి, మే నెల 8వ తేదీని నలువదినలుగురిని నైరా కోట వెలుపల వెదురుదడిలోనికి తోలి, జపాను కత్తివాండ్రచే నరికించిరి. చూచి సహింపలేక ఆ వృత్తాంతమును వ్రాసియుంచినవాడు కూడ వలందావాడే. ఊళ్లు కాలిపోయెను. కొండలకెక్కినవారు ఆకలికిని, రోగమునకును ఆహుతులైరి. ఎనిమిదివందలకు పైగా జనమును బటావియాకు పట్టుకొనిపోయిరి. అంతకుముందు ఆ దీవులలో ఇంచుమించు 15,000 మంది యుండిరనియు, పిమ్మట వేయిమంది మాత్రమే మిగిలిరనియు చరిత్రకారుల అంచనా. కుంపిణీ యజమానులు కూన్‌ను మెత్తగ మందలించి, 1627లో మరల ఆ పదవికే పంపిరి.

మనుష్యులు పోయిరి, చెట్లు మిగిలెను. తోటలను 68 భాగములుగ కోసి తమవారికి పంచియిచ్చి, పనికి బానిసలను దింపిరి. ఆ బానిసలలో ఆ చుట్టుపట్ల దీవులవారే గాక, మలబారువారును, మన చోళమండలతీరమువారును ఉండిరి. ముందు మన బట్ట పోయినది. పిదప మన మనిషి పోయెను. ఆ పోయినవాని పేరు, ఊరు మనకు తెలియరావు. ఇక కాయలు మరియొకచోట మొలకెత్తకుండ వానిని సున్నపునీట ముంచి ఎగుమతి చేసిరి. ఇంగ్లీషువారు తమదనుకొన్న రన్ అను దీవి కూడ 1667 నాటి బ్రెడా సంధితో వలందావారిదాయెను. అప్పుడు ఇంగ్లీషువారికి నిలిచినది నేటి న్యూయార్కు. ఇంత కాపలా కాసినను 1770లో పియేర్ పువావ్ర్ అను ఫ్రెంచివాడు మొక్కలను మారిషస్‌కు చేర్పించెను. గుత్త సడలెను. నేడు మన కేరళలోను, గ్రెనడాలోను జాజితోట లున్నవి.

కూన్ పుట్టిన హూర్న్ పట్టణమున 1893లో అతనికి విగ్రహ మెత్తిరి. అది 2011లో క్రేను తగిలి పడెను. మరల నిలుపునప్పుడు అతని చేతలపై విమర్శను కూడ ఫలకముమీద చెక్కించిరి. నరికివేతకు దాదాపు నాలుగువందల యేండ్లకు!

1621లో కొందరు పడవలలో తప్పించుకొని తూర్పుగ నున్న కై దీవులకు చేరిరి. అక్కడ బాండా-ఎలి, బాండా-ఎలత్ అను రెండూళ్లు వారి సంతతివారివి. పూర్వపు బాండాభాషను ఆ యూళ్లలోనే నేటికిని మాటాడుచున్నారు. జాజిచెట్లున్న దీవులలో వినవచ్చునది మలయుభాషలో ఒక రూపము.