వెదురు బద్ద నుంచి కార్బన్ కీలు దాకా

కొల్లేటి లంక ఊళ్లలో బండి నడపడం ఎవరూ ఆటగా నేర్చుకోరు. చేపల మేత బస్తా వెనక వేసుకుని చెరువు గట్టు మీద పోవడం అక్కడ రోజువారీ పని. ఒక పక్క చెరువు, ఇంకో పక్క బోదె, మధ్యలో బండి పట్టేంత దారి. నాలుగు చినుకులు పడితే చాలు, నల్లమట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డు నిండిపోతుంది. బండి ఒరిగిందంటే కాలు దానంతటదే కిందికి దిగుతుంది. పాదం బురదలో కూరుకుపోయి అక్కడే ఉండిపోతుంది. బండీ, దాని మీది మనిషీ ముందుకు పోతారు. ఆ రెంటి మధ్య మెలిపడేది మోకాలు.

రోడ్డు లేని చోట ఇలా బండి నడపడాన్ని విదేశాల్లో పందెంగా ఆడతారు. ఆడేవాళ్లలో చాలామంది మోకాళ్లకు నీ బ్రేసులు బిగించుకుంటారు. మన దగ్గర మెడికల్ షాపుకు వెళ్లి మోకాలికి ఏదైనా ఇమ్మంటే సాగే గుడ్డతో చేసిన నీ క్యాప్ ఇస్తారు. బైక్ సామాన్ల దుకాణంలో అడిగితే ప్లాస్టిక్ చిప్ప ఉన్న నీ గార్డు ఇస్తారు. బ్రేస్ ఈ రెంటిలో ఏదీ కాదు. తొడను ఒక పట్టు, పిక్కను ఒక పట్టు పట్టుకుని, రెంటినీ మోకాలికి ఇరుపక్కలా కీళ్లతో కలిపే గట్టి చట్రం అది. మోకాలు ముడుచుకోవాలి, కానీ పక్కకు వంగకూడదు, వెనక్కి విరగకూడదు. ఆ కోరిక ఒక్కరోజులో తీరలేదు. ఎముకలు కట్టేవాళ్లు, పోలియో పిల్లల డాక్టర్లు, ఫుట్‌బాల్ ఆటగాళ్లు, బండి పందేలవాళ్లు తలా ఒక చెయ్యి వేస్తే ఇప్పటి రూపానికి వచ్చింది.

కదలకుండా కట్టిన కాలం

కాలికి ఆసరా కట్టడం మనిషికి చాలా పాత విద్య. ఈజిప్టులో నాగా ఎద్ దేర్ దగ్గర తవ్వకాల్లో అయిదో రాజవంశం నాటి శవాలకు చెక్క బద్దలు, నార గుడ్డలతో కట్టిన కట్లు బయటపడ్డాయి. ఇలియట్ స్మిత్ అనే శాస్త్రవేత్త 1908లో వాటి వివరాలు ప్రకటించాడు. మన సుశ్రుత సంహిత విరిగిన ఎముకకు కట్టే బద్దల కోసం ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది బెరళ్లనూ వెదురునూ చెప్పింది. తెలుగునాట పుత్తూరు కట్టు సంగతి చెప్పనక్కర్లేదు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో వేసే ఆ కట్టు కోసం ఇప్పటికీ దూరాల నుంచి జనం వెళుతుంటారు.

ఆధునిక వైద్యంలోకి ఈ విద్యను తెచ్చినవాడు కూడా కట్లు కట్టే వంశంవాడే. వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవికి చెందిన ఎముకల వైద్యుల కుటుంబంలో పుట్టిన హ్యూ ఓవెన్ థామస్ లివర్‌పూల్‌లో డాక్టరయ్యాడు. తుంటి, మోకాలు, చీలమండ జబ్బుల మీద 1875లో పుస్తకం అచ్చువేశాడు. కాలిని చాచి పట్టే ఇనుప చట్రం ఒకటి తయారుచేశాడు. అదే థామస్ స్ప్లింట్. ఆయన మేనల్లుడి వరస శిష్యుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని సైనిక ఆసుపత్రులకు చేర్చాడు. తొడ ఎముక విరిగిన సైనికుల్లో ఎందరి ప్రాణాలో అది నిలబెట్టింది.

అయితే వీటన్నిటి పనీ ఒకటే, కాలిని కదలనివ్వకపోవడం. మంచం మీదున్న మనిషికి అది సరిపోతుంది. లేచి నడవాల్సిన మనిషికి సరిపోదు.

హైదరాబాద్ వేసిన అడుగు

నడిపించే చట్రం అవసరం పోలియోతో బాగా పెరిగింది. పాతకాలపు కాలిపర్‌లో ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, మోకాలి దగ్గర తాళం ఉండే కీలు. నిలబడితే తాళం పడుతుంది, కూర్చోవాలంటే చేత్తో తీసుకోవాలి. దాని బరువే పిల్లలకు రెండో జబ్బు అయ్యేది.

ఈ కథలో మన హైదరాబాద్‌కు ఒక అధ్యాయం ఉంది. అగ్ని క్షిపణిని మొదటిసారి 1989 మే 22న ప్రయోగించారు. దాని కోసం హైదరాబాద్ రక్షణ పరిశోధనశాలల్లో తేలికైన, గట్టి మిశ్రమ పదార్థాలు తయారయ్యాయి. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ నుంచి వచ్చిన ఎముకల డాక్టరు ఒకాయన ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, అబ్దుల్ కలాంను తన వార్డుకు తీసుకెళ్లాడు. మూడు కిలోలు పైబడిన కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లల్ని చూపించాడు. కొద్ది వారాల్లోనే సుమారు 300 గ్రాముల కాలిపర్ తయారైంది. తన జీవితంలో ఎంతో తృప్తినిచ్చిన పనుల్లో అదొకటని కలాం చాలాచోట్ల చెప్పుకున్నారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. ఆ కాలిపర్ల అవసరం తగ్గింది గానీ, కాలికి తగిలించే వస్తువు ముందు తేలిగ్గా ఉండాలన్న పాఠం నిలిచింది.

ఫుట్‌బాల్ మైదానంలో పుట్టిన కీలు

పరిగెత్తే మోకాలికి బ్రేస్ తయారైంది అమెరికాలో, అక్కడి ఫుట్‌బాల్ వల్ల. న్యూయార్క్ జెట్స్ జట్టు పేరుమోసిన ఆటగాడు జో నేమత్ మోకాలికి 1965లో లెనాక్స్ హిల్ ఆసుపత్రిలో డాక్టర్ జేమ్స్ నికొలస్ ఆపరేషన్ చేశాడు. ఆపరేషన్ అయినా మోకాలు నిలకడగా లేదు. ఆటగాడు మైదానంలో ఉండాలి, మోకాలు మెలిపడకూడదు. ఈ రెండూ కుదిరేలా నికొలస్, బ్రేసులు తయారుచేసే జాక్ కాస్టిగ్లియా కలిసి ఒక చట్రం రూపొందించారు. లెనాక్స్ హిల్ బ్రేస్‌గా పేరుపడిన అది 1970లలో అమెరికా అంతటా వ్యాపించింది.

నేమత్ బ్రేస్ దెబ్బతిన్న మోకాలికి. దెబ్బ తగలకముందే కాపాడే బ్రేస్ ఆ తర్వాత వచ్చింది. ఓక్లాండ్ రైడర్స్ జట్టు ట్రైనర్ జార్జ్ ఆండర్సన్ 1970ల చివర్లో కెన్ స్టేబ్లర్ అనే ఆటగాడి కోసం మోకాలి బయటి పక్క కీలున్న బద్ద అమర్చాడు. చూసిన జట్లన్నీ అదే కావాలన్నాయి. రకాలు ఎక్కువైపోవడంతో అమెరికా ఎముకల వైద్యుల అకాడమీ 1984లో వాటిని మూడుగా విభజించింది. ముందుజాగ్రత్తకు వేసుకునేవి, ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్ తెగినవాళ్లు ఆటకోసం వేసుకునేవి, ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి వేసుకునేవి. ఇవాళ దుకాణంలో బ్రేస్ అడిగేవాళ్లు కూడా ముందు తేల్చుకోవలసింది ఈ మూడింట్లో తమకు ఏది కావాలో.

కీలు తయారీలో అసలు చిక్కు వేరే ఉంది. మోకాలు తలుపు బందులా ఒకే ఇరుసు మీద తిరగదు. తొడ ఎముక కింది ఎముక మీద దొర్లుతుంది, జారుతుంది, కాలు పూర్తిగా చాచేటప్పుడు కొద్దిగా తిరుగుతుంది కూడా. ఒకే ఇరుసున్న కీలు బిగిస్తే మోకాలు ఒక దారిన, చట్రం ఒక దారిన పోయి బ్రేస్ కిందికి జారుతుంది. అందుకే పళ్లు కలిసిన రెండు ఇరుసుల కీళ్లు వచ్చాయి.

బండెక్కిన బ్రేస్

మట్టిలో బండి పందేలకు 1924 మార్చి 29న ఇంగ్లండులో కాంబర్లీ దగ్గర జరిగిన పోటీని ఆరంభంగా చెబుతారు. అప్పట్లో దాన్ని స్క్రాంబుల్ అన్నారు, తర్వాత మోటోక్రాస్ అయింది. 1970లలో బండ్ల సస్పెన్షన్ బాగా పొడవు పెరిగింది. ఎగిరే ఎత్తూ, పోయే వేగమూ దాంతోపాటే పెరిగాయి. మలుపులో లోపలి కాలు ముందుకు చాచి తిరగడం ఈ ఆటలో పద్ధతి. చాచిన పాదం గాడిలో తట్టుకుంటే మోకాలి మధ్యనున్న ఏసీఎల్ లిగమెంట్ తెగుతుంది. చీలమండను కాపాడడానికి గట్టి ప్లాస్టిక్ బూట్లు వచ్చాక మెలిక బలం చీలమండ దగ్గర ఆగకుండా పైకి, మోకాలికి చేరింది.

1980లలో అమెరికాలో ఇన్నొవేషన్ స్పోర్ట్స్ సంస్థ కార్బన్ చట్రం, టైటానియం కీళ్లతో సీటీఐ అనే బ్రేస్ తెచ్చింది. మోటోక్రాస్ రైడర్లు దాన్ని తమదిగా చేసుకున్నారు. ఆ సంస్థను 2006లో ఐస్లాండ్‌కు చెందిన ఆసుర్ కొనుక్కుంది. ఆసుర్ 1971లో కృత్రిమ కాళ్ల తయారీతో మొదలైన సంస్థ. దక్షిణాఫ్రికా డాక్టరు క్రిస్ లీయట్ 2001లో తోటి రైడర్ మరణం చూసి మెడకు బ్రేస్ రూపొందించాడు. ఆయన సంస్థ తర్వాత మోకాళ్ల దగ్గరికీ వచ్చింది.

మన దేశంలో బ్రేస్ అన్న మాట మామూలు రైడర్ల చెవిన పడి ఎంతో కాలం కాలేదు. బెంగళూరు రైడర్ సీఎస్ సంతోష్ 2015లో రోడ్డు లేని దారుల్లో జరిగే డాకర్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక మట్టిదారి బండ్లు మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. బండి చేరినంత వేగంగా బ్రేస్ చేరలేదు. హెల్మెట్ పెట్టుకోమని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతుంది, మోకాలి ఊసు మాత్రం ఎత్తదు.

పనిచేస్తుందా?

1980లలో జరిగిన కొన్ని పరిశీలనలు బ్రేస్ వేసుకున్న ఆటగాళ్లకే దెబ్బలు ఎక్కువని తేల్చి గందరగోళం తెచ్చాయి. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో 1,396 మంది క్యాడెట్లను బ్రేస్ ఉన్నవాళ్లు, లేనివాళ్లుగా విడదీసి ఫుట్‌బాల్ ఆడించి, ఫలితాలను 1990లో ప్రకటించారు. బ్రేస్ ఉన్నవాళ్లలో మోకాలి గాయాలు తక్కువ. బండ్ల విషయంలో 2011లో వచ్చిన అధ్యయనం పెద్దది. రెండువేల పైచిలుకు ఆఫ్‌రోడ్ రైడర్ల వివరాల్లో, నడిపిన గంటలకు లెక్కకడితే, బ్రేస్ ఉన్నవాళ్ల మోకాలి గాయాలు లేనివాళ్లలో సగం కంటే తక్కువ. ఆ వివరాలు రైడర్లు స్వయంగా ఇచ్చినవి. బ్రేస్ కొనే మనిషి మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరుడే అయివుంటాడు. ఆ మేరకు తరుగు తీసినా మొగ్గు బ్రేస్ వైపే ఉంది.

మన నేలకు ఏది?

ఎంపిక నేలను బట్టి ఉండాలి. ఉదాహరణకు తాడేపల్లిగూడెం డెల్టాకూ మెట్టకూ సరిహద్దులాంటి ఊరు. ఉత్తరంగా జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం వైపు పోతే ఎర్రగరప నేల, కంకర, వాగులు, అడవి దారులు. అక్కడ పడితే మోకాలు రాయికి కొట్టుకుంటుంది, కాబట్టి గట్టి చిప్ప ఉన్న గార్డు కనీస అవసరం. దాని మీద ఈఎన్ 1621-1 గుర్తు ఉందో లేదో చూడాలి. ఆ పరీక్షలో 50 జౌళ్ల దెబ్బ కొట్టి అవతలికి ఎంత బలం దాటిందో కొలుస్తారు. సగటున 35 కిలోన్యూటన్ల లోపు దాటితే లెవెల్ 1, 20 లోపైతే లెవెల్ 2.

నైరుతిన కొల్లేరు సంగతి వేరు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తే ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోయే పల్లం అది. మెత్తని బురదలో పడితే చిప్పకు దెబ్బ తక్కువ, మెలిక ఎక్కువ. మెలిక దగ్గర గార్డు చేసేదేమీ లేదు, కీలున్న బ్రేస్ కావాలి. నీ క్యాప్ రెండు చోట్లా పనికిరాదు. అది వెచ్చదనం ఇస్తుంది, ధైర్యం ఇస్తుంది, లిగమెంటును ఆపదు.

బ్రేస్ కొనేటప్పుడు చొక్కా సైజు చెప్పినట్టు మీడియం, లార్జ్ అంటే కుదరదు. మోకాలి చిప్ప మధ్య నుంచి కంపెనీ చెప్పిన దూరంలో, చాలావాటికి 15 సెంటీమీటర్లు, పైన తొడ చుట్టూ, కింద పిక్క చుట్టూ టేపుతో కొలవాలి. వేసుకునేటప్పుడు లోపల పల్చని పొడుగు మేజోడు ఉండాలి. లేకపోతే ఈ చెమటలో ఒరుసుకుని పొక్కులు లేస్తాయి. మోకాలు కాస్త వంచి కూర్చుని, కీలు చిప్పకు సరిగా పక్కన నిలిచేలా చూసుకోవాలి. పట్టీలు బిగించే వరస కంపెనీ చెప్పినదే పాటించాలి. సాధారణంగా పిక్క పైభాగపు పట్టీ ముందు బిగుస్తుంది, ఎందుకంటే బ్రేస్ జారకుండా నిలబడేది పిక్క కండ మీదే. కాసేపు నడిపాక ఆగి మళ్లీ బిగించాలి. పాదం తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువైనట్టే. కాలు పూర్తిగా చాచుకోకుండా ఆపే చిన్న బిళ్లలు చాలా బ్రేసుల్లో ఉంటాయి, మొదట్లో వాటిని తీసెయ్యకూడదు. కొనేముందు బూటుతో సహా వేసుకుని బండి మీద కూర్చుని చూడాలి. బ్రేస్ అంచు బూటు అంచుతో కొట్టుకుంటే ఆ జత కుదరనట్టే.

కొల్లేటి బురద, ఉప్పుటేటి ఉప్పదనం కీళ్లకు శత్రువులు. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, మరలు వదులయ్యాయేమో చూసుకోవాలి. పగిలిన చట్రాన్ని అతికించి వాడకూడదు.

బ్రేసుల జత ధర పదుల వేలల్లో ఉంటుంది, చేపల చెరువు మీద కూలికెళ్లే కుర్రాడికి అది అందదు. సరదాకు బండి నడిపేవాళ్లు మాత్రం ఎగ్జాస్ట్ గొట్టం మార్చే డబ్బును ముందు మోకాళ్ల మీద పెట్టాలి. బ్రేస్ ఉన్నా లేకున్నా ఒక మాట గుర్తుంచుకోండి. పడినప్పుడు మోకాలిలో టప్పుమన్నట్టు అనిపించి, గంటల్లోనే వాచిందంటే లోపల లిగమెంట్ తెగి ఉండవచ్చు. నీ క్యాప్ తొడిగో, తైలం రుద్దో వారాలు గడపకుండా ఎముకల డాక్టరుకు చూపించుకోండి.